ఇంటి రంగులకు బ్రష్: ఏ పెయింట్‌కు ఏది, డబ్బు ఎక్కడ పెట్టాలి

రంగులు వేయించాలని అనుకున్నాక షేడ్ కార్డు ముందేసుకుని ఇంటిల్లిపాదీ రోజుల తరబడి వాదించుకుంటారు. హాలుకు క్రీమా, లేత బూడిద రంగా? టీవీ వెనక గోడ ఒక్కటీ ముదురుగా ఉంటే బాగుంటుందా? ఆ రంగును గోడకు పట్టించే బ్రష్ సంగతి మాత్రం పెయింటర్ రాసిచ్చిన చీటీలో ఒక్క లైనుతో అయిపోతుంది: "4 ఇంచులు 2, 2 ఇంచులు 2, 1 ఇంచు 2." లేబర్ కాంట్రాక్ట్ అయితే ఆ చీటీ పట్టుకుని షాపుకు వెళ్ళేది మనమే. ఏ రకం బ్రష్ అని చీటీలో ఉండదు, షాపతనూ అడగడు. చేతికి అందినవి తీసి బిల్లు వేస్తాడు. తర్వాత తలుపు మీద వెంట్రుకలు అంటుకుపోయినా, గోడ అంచున గీత వంకర పోయినా మాట పడేది పెయింటర్.

నా లెక్క ఒకటే. ఇంటి పనికి కావాల్సిన నాలుగైదు బ్రష్‌లలో ఒక్కదానికి మాత్రం డబ్బు ధారాళంగా పెట్టండి. మిగతావి మధ్యరకం చాలు. ఒకటి రెండు చవకవైనా నష్టం లేదు.

ముందు డబ్బా చూడండి

బ్రష్ కొనేముందు పెయింట్ డబ్బా మీద పల్చన చేయడానికి ఏం కలపాలని రాశారో చదవండి. నీళ్ళు అని ఉంటే అది వాటర్ బేస్ రంగు. మినరల్ టర్పెంటైన్ అనో, ఎంటీఓ అనో ఉంటే ఆయిల్ పెయింట్. గోడలకు వేసే ఎమల్షన్లు, డిస్టెంపర్, బయటి గోడల ఎమల్షన్లు నీళ్ళ రంగులు. గేటు, గ్రిల్స్, తలుపులకు వేసే మామూలు ఎనామిల్, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, వార్నిష్ ఎక్కువగా ఆయిల్‌వి. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇప్పుడు వాటర్ బేస్ ఎనామిళ్ళు కూడా దొరుకుతున్నాయి. డబ్బా మీద ఎనామిల్ అని కనపడగానే ఆయిల్ అనుకోకుండా, కలపాల్సింది ఏమిటో చూసుకోవాలి.

ఇది ఎందుకంటే, బ్రష్‌లు ప్రధానంగా రెండు జాతులు. ఒకటి పంది వెంట్రుకలతో చేసేది, రెండోది సింథటిక్ పోగులతో చేసేది. షాపులో రెండూ నల్లగానే కనిపించవచ్చు. సింథటిక్ పోగుకు కావాలని నల్లరంగు వేసి అమ్ముతారు.

పంది వెంట్రుక కొన సహజంగానే రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది. ఆ చీలికలే రంగును పట్టి ఉంచి, పల్చగా, సమంగా వదులుతాయి. అందుకే ఎనామిల్, వార్నిష్ లాంటి చిక్కటి ఆయిల్ రంగులు దీనితో నున్నగా పరుచుకుంటాయి, బ్రష్ గీతలు తక్కువగా పడతాయి. అదే బ్రష్‌ను ఎమల్షన్‌లో ముంచితే కథ మారిపోతుంది. వెంట్రుక నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతుంది, బ్రష్ బిగువు పోయి విచ్చుకుంటుంది. కాసేపు పని చేసేసరికి అంచు గీయడానికి పనికిరాకుండా పోతుంది. పెయింట్ చిక్కగా ఉందని ఇంకాస్త నీళ్ళు కలిపితే మరీ వాలిపోతుంది.

సింథటిక్ పోగు నీటికి అంతగా లొంగదు. ఎమల్షన్‌కు, డిస్టెంపర్‌కు, వాటర్ బేస్ ఎనామిల్‌కు అదే సరైనది. మంచి రకం సింథటిక్ అయితే ఆయిల్ పెయింట్‌కు కూడా పనికొస్తుంది. ఒకే బ్రష్ కొనగలిగే పరిస్థితి ఉంటే నేను సింథటిక్కే కొనమంటాను. ఎందుకంటే ఈ రోజుల్లో ఇంట్లో వేసే రంగుల్లో ఎక్కువ భాగం నీళ్ళవే. ఎనామిల్ మాత్రం సింథటిక్ కంటే మంచి వెంట్రుక బ్రష్‌తోనే బాగా వస్తుంది, అందులో సందేహం లేదు.

మన దేశంలో పెయింట్ బ్రష్‌ల తయారీకి పేరుపడిన ఊరు ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ జిల్లాలోని షేర్‌కోట్. మన హార్డ్‌వేర్ షాపుల్లో పెద్దగా పేరులేని బ్రష్ కనిపిస్తే అది అక్కడి నుంచి వచ్చి ఉండవచ్చు. ఊరు ఒకటే అయినా నాణ్యతలో నేలకూ నింగికీ తేడా ఉంటుంది కాబట్టి, ఎక్కడ చేశారన్నది కొలమానం కాదు.

ఏ జాతో తేల్చుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. బ్రష్‌లోంచి ఒక్క పోగు లాగి అగ్గిపుల్లతో అంటించండి. వెంట్రుక అయితే జుట్టు కాలిన కమురు వాసన వచ్చి బూడిద అవుతుంది. సింథటిక్ అయితే కరిగి, చివర గట్టి పూసలా ముడుచుకుంటుంది. షాపులో ఒప్పుకోకపోతే ఒక బ్రష్ కొని ఇంట్లో చూడండి, మిగతావి తర్వాత తెచ్చుకోవచ్చు. దేవుడి గదికి పంది వెంట్రుకల బ్రష్ వాడటం ఇష్టం లేనివాళ్ళకు, మసీదులో రంగులు వేసేవాళ్ళకు కూడా ఇది పనికొచ్చే పరీక్ష.

నైలాన్, పాలిస్టర్: మన ఎండలకు ఏది?

సింథటిక్ అన్నంతమాత్రాన అన్నీ ఒకటి కావు. నైలాన్ పోగు మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది, తొందరగా అరగదు, ఫినిషింగ్ నున్నగా ఇస్తుంది. కానీ వేడికీ, తడికీ కొంత మెత్తబడుతుంది. పాలిస్టర్ పోగు వేడిలో, నీళ్ళలో తన బిగువు నిలుపుకుంటుంది. ఫినిషింగ్‌లో నైలాన్ కంటే కాస్త గరుకు, అరుగుదల కూడా కాస్త ఎక్కువ.

రంగుల సీజన్ మనకు సంక్రాంతి ముందూ, వేసవి పెళ్ళిళ్ళ ముందూ. డిసెంబర్‌లో రామగుండంలో అయినా విజయవాడలో అయినా నైలాన్ హాయిగా పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ తగిలే బయటి గోడకు రంగు వేస్తుంటే ఉత్త నైలాన్ బ్రష్ మధ్యాహ్నానికి వాలిపోతుంది. అప్పుడు పాలిస్టర్, లేదంటే రెండూ కలిపిన బ్లెండ్ కొనాలి. ప్యాక్ మీద నైలాన్, పాలిస్టర్ రెండు పేర్లూ కనిపిస్తే అది బ్లెండ్. ఇల్లంతటికీ ఒకే రకం కావాలంటే నా ఓటు బ్లెండ్‌కే.

చవక సింథటిక్‌లో చేసే మోసం వేరే ఉంది. పోగు మొదలు నుంచి చివరిదాకా ఒకే లావు ఉంటుంది, లోపల బోలుగా ఉంటుంది, కొన కత్తెరతో కోసినట్టు మొండిగా ఉంటుంది. అలాంటి బ్రష్ రంగును పట్టుకోలేదు. ముంచి తీయగానే సగం కారిపోతుంది, మిగతా సగం గోడ మీద గీతలు గీతలుగా పడుతుంది. మంచి పోగు లోపల బోలు లేకుండా, కొనకు వచ్చేసరికి సన్నబడి, చివర సన్నగా చీలి ఉంటుంది. వెంట్రుకలో సహజంగా ఉన్న గుణాన్ని ఫ్యాక్టరీలో తెప్పిస్తారన్నమాట. వెలుతురులో కొనను దగ్గరగా పెట్టుకుని చూస్తే ఈ తేడా కంటికే తెలిసిపోతుంది.

సున్నానికి ఇవేవీ వద్దు

సున్నం, సిమెంట్ పెయింట్ వేసేవాళ్ళు పంది వెంట్రుకల బ్రష్ జోలికి వెళ్ళకూడదు. సున్నంలోని క్షారం వెంట్రుకను తినేస్తుంది. మన పల్లెల్లో ఈత మట్ట చివర దంచి, నార విడదీసి కుంచె చేసుకోవడం వెనక ఉన్న తెలివి ఇదే. నార ఆ క్షారానికి వెంట్రుకలా పాడవదు, పైగా గరుకు గోడలో గుంటల్లోకి కూడా సున్నాన్ని తోస్తుంది. ఇప్పుడు షాపుల్లో దొరికే వెడల్పాటి నార కుంచె తీసుకోండి. పశువుల పాక, ప్రహరీ గోడ, వెనకవైపు గోడలకు అది చాలు, దాని మీద ఎక్కువ ఖర్చు దండగ.

షాపులో చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

ప్లాస్టిక్ కవరులో సీలు చేసిన బ్రష్‌ను కవరు మీద రాసింది చదివి కొనకండి. తెరిచి చూపించమంటే చాలామంది షాపువాళ్ళు చూపిస్తారు.

మొదట వెంట్రుకలను అరచేతికి ఆనించి, రంగు వేస్తున్నట్టు నొక్కి వదలండి. వంగి మళ్ళీ నిటారుగా రావాలి. వంగినది వంగినట్టే ఉంటే మెత్తది, అసలు వంగకుండా గుచ్చుకుంటే గోడ మీద గీతలు గీస్తుంది. తర్వాత వెంట్రుకలను విసనకర్రలా విప్పి ఒకసారి గట్టిగా లాగండి. కొత్త బ్రష్ ఒకటి రెండు పోగులు రాల్చడం మామూలే. లాగిన ప్రతిసారీ చేతికి వస్తుంటే పక్కన పెట్టేయండి. వెంట్రుకలను లోపల పట్టి ఉంచేది జిగురే. మంచి బ్రష్‌లకు ఎపాక్సీ పోస్తారు. నాసిరకం జిగురైతే థిన్నర్‌లో కడిగిన మొదటిసారే వదిలేస్తుంది.

అందరూ వదిలేసేది వెంట్రుకల మధ్య ఉండే ఖాళీ. వెంట్రుకలను రెండు పాయలుగా విడదీసి, వాటిని పిడికి బిగించి ఉంచే రేకు దగ్గర లోపలికి చూడండి. చెక్కదో ప్లాస్టిక్‌దో చిన్న బిళ్ళ కనిపిస్తుంది. కొంచెం ఖాళీ అవసరమే, రంగు అక్కడ నిల్వ ఉండి మెల్లగా కిందికి దిగుతుంది. చవక బ్రష్‌లో ఈ బిళ్ళ మరీ లావుగా ఉండి, చుట్టూ పల్చగా రెండు వరసల వెంట్రుకలు ఉంటాయి. బయటికి నిండుగా కనిపిస్తుంది, లోపల డొల్ల. రేకు పైనుంచి వెంట్రుకలను రెండు వేళ్ళ మధ్య గట్టిగా నొక్కితే బండారం బయటపడుతుంది.

పొడవు కూడా చూడాలి. వెంట్రుకలు బ్రష్ వెడల్పుకు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉండటం మంచిది. మూడు, నాలుగు ఇంచుల వెడల్పు బ్రష్‌లలో ఈ లెక్క పూర్తిగా కుదరకపోవచ్చు. కానీ రెండు ఇంచుల బ్రష్‌కు రెండించుల కంటే పొట్టి వెంట్రుకలు ఉంటే అంచులు గీయడానికి అది కష్టపెడుతుంది.

చివరిగా రేకు. మామూలు ఇనుప రేకు అయితే ఎమల్షన్‌లోని నీళ్ళకు తుప్పు పడుతుంది, తెల్ల సీలింగ్ మీద గోధుమ రంగు చారలు తేలతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు ఉన్నది తీసుకోండి. రేకును పిడికి మేకులతో గట్టిగా బిగించారో లేదో ఊపి చూడండి, టకటకలాడితే వద్దు. ఫ్లాట్ బ్రష్‌లకు ఐఎస్ 384 అనే భారతీయ ప్రమాణం ఉంది. ప్యాక్ మీద అది కనిపిస్తే మంచిదే. పైన చెప్పినవి మాత్రం ఎలాగూ చూసుకోండి.

నాలుగు ఇంచుల బ్రష్ ఇంకా కావాలా?

షాపుల్లో 25, 38, 50, 63, 75, 100 మిల్లీమీటర్లని ఉంటుంది. అంటే ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, నాలుగు ఇంచులు.

గోడల మధ్యభాగానికి ఇప్పుడు బ్రష్ కంటే తొమ్మిది ఇంచుల రోలర్ మేలు. పని తొందరగా అవుతుంది, రంగు సమంగా పడుతుంది, మెడనొప్పీ తక్కువ. లోపలి నున్నటి గోడకు 9 నుంచి 12 మిల్లీమీటర్ల పోగు ఉన్న రోలర్ చాలు. రోలర్‌తో ఇబ్బంది రెండే: చిన్న తుంపర్లు లేస్తాయి కాబట్టి కింద గుడ్డలు పరవాలి, గోడ మీద నారింజ తొక్క లాంటి సన్నటి గరుకు వస్తుంది. బ్రష్ ఫినిష్‌కు అలవాటుపడ్డ పాతకాలం పెయింటర్లు నాలుగు ఇంచుల బ్రష్‌తోనే గోడంతా లాగేస్తారు, వాళ్ళ చేతిలో అది బాగానే వస్తుంది. సొంతంగా వేసుకునేవాళ్ళు మాత్రం గోడకు రోలర్ పట్టుకోండి. లప్పం పెట్టాక ప్రైమర్ కొట్టడానికి ఒక చవక నాలుగు ఇంచుల బ్రష్ ఉంటే చాలు.

డబ్బు పెట్టమన్న ఆ ఒక్క బ్రష్ ఇక్కడ వస్తుంది: రెండు లేదా రెండున్నర ఇంచుల సింథటిక్ బ్లెండ్. పెయింటర్లు కటింగ్ అనే పనంతా దీనితోనే. సీలింగూ గోడా కలిసే చోటు, ద్వారబంధం పక్కన, స్విచ్ బోర్డుల చుట్టూ, కిటికీ ఫ్రేముల అంచున చేసే పని ఇది. గదిలోకి అడుగుపెట్టినవాళ్ళ కళ్ళు గోడ మధ్యకంటే ముందు ఈ గీతల మీద పడతాయి. రోలర్ ఎంత ఖరీదైనదైనా ఈ చోట్లకు చేరదు.

ఇందులోనే ఫ్లాటా, ఏటవాలా అన్న ప్రశ్న. ఏటవాలు బ్రష్‌లో వెంట్రుకలు ఒకవైపు పొడుగ్గా, ఇంకోవైపు పొట్టిగా ఉంటాయి. పొడుగు కొనను గీత మీద పెట్టి లాగితే బ్రష్ ఎటు వెళ్తోందో కనిపిస్తుంది, చెయ్యి సహజంగా ఉన్న కోణంలోనే పని జరుగుతుంది. మన చిన్న ఊళ్ళ షాపుల్లో ఇది తక్కువ, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చెయ్యి తిరిగిన పెయింటర్‌కు ఫ్లాట్ చాలు. కొత్తవాళ్ళకు ఏటవాలుది నిజంగా సాయపడుతుంది. మాస్కింగ్ టేపు అంటించుకుంటే ఏదైనా ఒకటేగా అంటారు కొందరు. కొత్త లప్పం మీద టేపు పీకేటప్పుడు లప్పంతో సహా ఊడొచ్చే ప్రమాదం ఉంది.

గ్రిల్స్‌కూ, గేటుకూ ఒకటి లేదా ఒకటిన్నర ఇంచుల వెంట్రుక బ్రష్. ఇనుప కడ్డీల చుట్టూ తిప్పి తిప్పి రుద్దడంతో ఏ బ్రష్ అయినా తొందరగా చెడిపోతుంది కాబట్టి మధ్యరకం తీసుకోండి. రెడ్ ఆక్సైడ్‌కు పాతది వాడేయండి. వార్నిష్‌కు మాత్రం సన్నటి, ఒత్తైన మంచి వెంట్రుక బ్రష్ కావాలి. టేకు తలుపు మీద ఒక్క వెంట్రుక ఇరుక్కుని ఆరినా ఎప్పటికీ కనిపిస్తుంది. ఫ్లష్ డోర్లకు ఎనామిల్ అయితే నాలుగు ఇంచుల ఫోమ్ రోలర్‌తో పరిచి, ఆరకముందే బ్రష్ కొనతో పై నుంచి కిందికి తేలిగ్గా ఒకసారి లాగితే నున్నగా వస్తుంది.

గడప సంగతి వేరు. పసుపు ఎనామిల్ వేయడానికి ఒక ఇంచు బ్రష్, దాని మీద ఎర్ర బొట్లు, తెల్ల ముగ్గు వేయడానికి బొమ్మలు వేసే గుండ్రటి బ్రష్‌లలో నాలుగో నంబరూ ఆరో నంబరూ. ఇవి స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి. హార్డ్‌వేర్ షాపులో అర ఇంచు బ్రష్ కొని దానితో ముగ్గు వేయబోతే లైను లావై పాకుతుంది.

చవకా, ఖరీదా?

ఆరు బ్రష్‌ల సెట్టు ఒకే ప్యాక్‌లో చవకగా వస్తోందని ఆశపడకండి. అందులో మీకు కావాల్సింది ఒకటో రెండో, అవీ నాసిరకమే అవుతాయి. అదే డబ్బుతో కటింగ్‌కు ఒకే మంచి బ్రష్ వస్తుంది. చవక బ్రష్‌కూ చోటుంది: ప్రైమర్, దుమ్ము దులపడం, రెడ్ ఆక్సైడ్, వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్. వాడాక పారేయాల్సిన పనులన్నిటికీ అది చాలు.

ఇంకో మాట. కడిగే ఓపిక లేనివాళ్ళు ఖరీదైన బ్రష్ కొనడం డబ్బు వృథా. ఎమల్షన్ బ్రష్‌ను పని ఆపగానే సబ్బు నీళ్ళతో, రేకు దగ్గరిదాకా వేళ్ళతో పిండి కడగాలి. వేసవిలో అయితే పని మధ్యలో కూడా ఒకసారి కడగడం మంచిది, రంగు రేకు దగ్గర ఎండి గట్టిపడితే బ్రష్ విచ్చుకుపోతుంది. టీకి వెళ్ళేటప్పుడు పాలిథిన్ కవరులో గట్టిగా చుట్టి పెట్టండి. ఎనామిల్ బ్రష్‌ను టర్పెంటైన్‌లో కడిగి, ఆపైన సబ్బుతో కడగాలి. ఆరాక బ్రష్‌తో వచ్చిన అట్ట కవరులోనే పెడితే ఆకారం చెడదు. డబ్బాలో కొనల మీద నిలబెట్టి వదిలేస్తే మర్నాటికి వంకర తిరుగుతుంది.

కొత్త బ్రష్‌ను నేరుగా చివరి కోటుకు వాడొద్దు. ముందు అరచేతి మీద తట్టి వదులు పోగులు రాల్చి, ప్రైమర్‌కో మొదటి కోటుకో వాడితే రాలేవన్నీ అక్కడే రాలిపోతాయి. కొందరు పెయింటర్లు తమ పాత బ్రష్‌ను ఎవరికీ ఇవ్వకపోవడానికి కారణం కూడా ఇదే.

ఎవరికి ఏవి

అద్దె ఇంట్లో ఒక గది సొంతంగా వేసుకునేవాళ్ళకు రోలర్ ఒకటి, రెండున్నర ఇంచుల ఏటవాలు సింథటిక్ ఒకటి సరిపోతాయి. గేటూ, గ్రిల్సూ మాత్రమే వేయించేవాళ్ళు ఒకటిన్నర ఇంచుల వెంట్రుక బ్రష్‌లు రెండు తెచ్చుకుంటే చాలు, ఒకటి రెడ్ ఆక్సైడ్‌కు, ఒకటి ఎనామిల్‌కు.

కొత్త ఇల్లు లేబర్ కాంట్రాక్ట్ మీద వేయిస్తుంటే చీటీలో ప్రతి సైజు పక్కనా అది ఎమల్షన్‌కా, ఆయిల్‌కా అని పెయింటర్‌నే అడిగి రాయించండి. కటింగ్ బ్రష్ మాత్రం అతన్ని వెంట తీసుకెళ్ళి అతని చేత్తోనే ఎంపిక చేయించండి, పని చేసేది ఆ చెయ్యే. విత్ మెటీరియల్ కాంట్రాక్ట్ అయితే మాట్లాడుకునేటప్పుడే కటింగ్‌కు ఏ బ్రష్ వాడతారో అడగండి.

అమెరికాలో ఇల్లు కొని సొంతంగా రంగులు వేసుకుంటున్న మనవాళ్ళకు ఈ వెతుకులాట తక్కువ. పర్డీ, వూస్టర్ బ్రష్‌లు అక్కడి పెద్ద షాపుల్లో మామూలుగా దొరుకుతాయి. వూస్టర్ కంపెనీ ఒహాయోలో 1851లో, పర్డీ పోర్ట్‌లాండ్‌లో 1925లో మొదలయ్యాయి. అక్కడ లేటెక్స్ పెయింట్ అనేది మన ఎమల్షన్ లాంటిదే కాబట్టి నైలాన్, పాలిస్టర్ బ్లెండ్‌లో రెండున్నర ఇంచుల ఏటవాలుది తీసుకుంటే సరిపోతుంది. ప్యాక్ మీద చైనా బ్రిసిల్ అని ఉన్నది పంది వెంట్రుకలది, దాన్ని లేటెక్స్‌కు వాడొద్దు. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్ళను ఏం తెమ్మంటారంటే, చాక్లెట్లతో పాటు అలాంటి బ్రష్ ఒకటి తెమ్మనండి. సూట్‌కేసులో దానికి పట్టే చోటెంత!